చెక్క మీద చెక్కే సీఎన్‌సీ మెషీన్ ఇంటికి కొనాలంటే: ముందు ఏం చూసుకోవాలి, వచ్చాక ఏం చేయాలి

మా గుమ్మం పక్కన టేకు నేమ్‌ప్లేట్ బిగించిన రోజు నుంచి అడిగేవాళ్లు ఆగడం లేదు. లిఫ్ట్‌లో, పార్కింగ్‌లో, చివరికి పెళ్లి భోజనాల్లో కూడా. "ఏ మెషీన్? ఎంతైంది? నేనూ కొనెయ్యనా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. ఫలానా మోడల్ కొనండి అని మాత్రం ఇందులో చెప్పను. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న.

మెషీన్ సంగతి రెండు ముక్కల్లో. తిరిగే బిట్‌ని (చెక్కని కోసే సన్న పనిముట్టు) కంప్యూటర్ మూడు దిక్కుల్లో నడుపుతుంది: ఎడమ-కుడి, ముందు-వెనక, పైకి-కిందకి. బిట్ పై నుంచి దిగి చెక్కుతుంది. విశాఖలో ఉన్నాం కాబట్టి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "దీంతో ఏటికొప్పాక బొమ్మలు చేసుకోవచ్చా?" కుదరదు. ఆ బొమ్మల కోసం అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ ఉలి ఆనిస్తారు. తిరిగే కర్రకి లక్క అదిమితే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. మన మెషీన్‌లో కర్ర తన చుట్టూ తాను తిరగదు. గుండ్రటి బొమ్మల మీద మనసుంటే లేత్ కొనుక్కోండి. నేమ్‌ప్లేట్లు, ట్రేలు, గోడకి పెట్టే బొమ్మలు, చిన్న జాలీలు, పెట్టెల మూతలు అయితే ఇదే సరైనది.

దగ్గర ఉండాల్సినవి

- ఒక పాత లాప్‌టాప్ (కొత్తదైతే పొట్టు చూసి మీకే బాధేస్తుంది)
- డిజిటల్ వెర్నియర్, స్టీలు స్కేలు, మూలమట్టం
- కంటికి అద్దాలు, ఎన్95 మాస్కు, చెవులకి ఇయర్ మఫ్
- వ్యాక్యూమ్ క్లీనర్, మూత ఉన్న 20 లీటర్ల పెయింట్ బకెట్
- 12 మి.మీ. లేదా 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక) ముక్కలు, పాడు చేసుకోవడానికే
- బిట్లు: 3.175 మి.మీ. ఎండ్ మిల్ (చదును కొన) నాలుగైదు, 60 డిగ్రీల వీ-బిట్ (వాడి కొన) రెండు, బాల్ నోజ్ (గుండ్రటి కొన) ఒకటి
- మాస్కింగ్ టేపు, ఫెవిక్విక్
- చిన్న కంప్యూటర్ యూపీఎస్

ఇందులో సగం మెషీన్ కొన్నవాళ్ల దగ్గర కూడా ఉండదు. మెషీన్‌కి వంద రూపాయలు పెడితే పక్కన ఇంకో నలభై, యాభై వీటికి తీసి పెట్టుకోండి. ఉన్న డబ్బంతా మెషీన్‌లో పోసి, బిట్ విరిగాక వారం రోజులు ఖాళీగా కూర్చున్నవాణ్ణి నేనే.

1. ఏం చేస్తారో కొలతలతో రాయండి

"ఏదో ఒకటి చేస్తాను" అనకండి. అయిదు వస్తువులు, వాటి పొడవు, వెడల్పు, మందం కాగితం మీద పెట్టండి. అందరికీ తెలిసిన చిన్న మెషీన్ 3018. పేరులోనే సైజు ఉంది: 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు. అంటే పన్నెండు అంగుళాలకి ఏడు. బిట్ పైకి, కిందకి కదిలేది 45 మి.మీ. అటూ ఇటూ మాత్రమే. బల్ల మీద వేసే ఎండీఎఫ్ మందం, చెక్క మందం, కిందకి వేలాడే బిట్ పొడవు, మూడూ ఆ ఎత్తులోనే సర్దుకోవాలి. 25 మి.మీ. పలక పెట్టేసరికి బిట్ పైకి లేవడానికి చోటు లేక అవస్థ పడేవాళ్లు చాలామంది.

మీ అయిదు వస్తువుల్లో నాలుగు ఈ కొలతలో ఇమిడితే చిన్నది చాలు. అయిదోది తలుపు రెక్క అయితే దాని కోసం పెద్ద మెషీన్ కొనకండి, బయట చేయించుకోండి.

టైము కూడా ముందే లెక్కేసుకోండి. చిన్న వినాయకుడి బొమ్మ ఉబ్బెత్తుగా చెక్కాలి, 150 మి.మీ.కి 150 మి.మీ. అనుకుందాం. నున్నగా రావాలంటే బిట్ ఒక్కో గీతకీ 0.1 మి.మీ. మాత్రమే జరగాలి. అంటే 1500 గీతలు, ఒక్కోటి 150 మి.మీ. మొత్తం 225 మీటర్ల ప్రయాణం. నిమిషానికి ఒక మీటరు వేగంతో పోయినా మూడుంముప్పావు గంటలు. ఇది ఆఖరి నునుపు ఒక్కదానికే. దానికి ముందు మోటుగా తీసే పని వేరే ఉంటుంది. అంతసేపూ మీరు పక్కనే ఉండాలి. వీడియోల్లో ముప్పై సెకన్లలో బొమ్మ వచ్చేస్తుంది కాబట్టి ఈ సంగతి ఎవరికీ తట్టదు.

2. కొనకముందు రెండు పనులు బయట చేయించండి

సింహద్వారాలు, పూజా మందిరాలు చేసే వర్క్‌షాపుల్లో ఇప్పుడు పెద్ద సీఎన్‌సీలు ఉంటున్నాయి. వాళ్లలో చాలామంది బయటి డిజైన్లు కూడా జాబ్ వర్క్ కింద చెక్కిపెడతారు. మీ డిజైన్ ఫైలు, మీ చెక్క పట్టుకెళ్లండి. ఇచ్చేసి వచ్చేయకండి, పని అయ్యేదాకా నిలబడండి. ఎంత చప్పుడు, ఎంత పొట్టు, చెక్కని ఎలా బిగించారు, బిట్ ఎన్నిసార్లు మార్చారు, అన్నీ గమనించండి.

నేను వెళ్లినచోట మేస్త్రి ముందు నా పలకని చేత్తో పట్టుకుని బరువు చూశాడు. వాసన చూశాడు. "కర్ర పచ్చిగుంది బాబూ. ఇప్పుడు చెక్కితే బాగానే ఉంటది, పది రోజులకి ఒంకర తిరిగిపోద్ది" అన్నాడు. నేను వినలేదు. పన్నెండో రోజు నేమ్‌ప్లేట్ నడుము వంచుకుంది. అదృష్టం ఏమిటంటే అప్పటికి పోయింది ఒక్క పలకే.

ఇలా రెండు, మూడు పనులు చేయించాక మీకే తెలుస్తుంది. డిజైన్ గీసుకోవడమే మీ సరదా అయితే మెషీన్ అక్కర్లేదు, జాబ్ వర్కే చవక. పొట్టులో నిలబడటం, బిట్ సవరించడం, ఇంకోసారి ప్రయత్నించడం కూడా నచ్చాయనుకుంటే ముందుకెళ్లండి. అక్షరాలు నల్లగా కాలినట్టు కనిపిస్తే చాలు, లోతు అక్కర్లేదు అనుకునేవాళ్లకి చిన్న లేజర్ సరిపోతుంది. దానికి ఆ లేజర్‌కి తగిన రంగు కళ్లద్దాలు, పొగ బయటికి పోయే దారి తప్పనిసరి.

3. సాఫ్ట్‌వేర్ ముందు, మెషీన్ తర్వాత

డిజైన్ గీయడానికి ఇంక్‌స్కేప్, మెషీన్‌ని నడపడానికి యూనివర్సల్ జీకోడ్ సెండర్ లేదా క్యాండిల్. మూడూ ఉచితమే. గీసిన బొమ్మని బిట్ నడిచే దారిగా మార్చేందుకు కార్బైడ్ క్రియేట్, ఈజెల్ లాంటివి ఉన్నాయి. డబ్బు పెట్టేవాళ్లు వీకార్వ్ వైపు వెళ్తారు. కొన్నింట్లో ఉచితంగా వచ్చే వెర్షన్‌కి పరిమితులు ఉంటాయి, చూసుకోండి. మెషీన్ రాకముందే ఒక నెల వీటితో ఆడుకోండి. తెర మీద బిట్ ఎలా తిరుగుతుందో బొమ్మ కట్టి చూపిస్తాయి.

ఇప్పుడు తెలుగువాళ్లకి మాత్రమే వచ్చే తలనొప్పి. చెక్కుడు సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెలుగు టైపు చేస్తే చాలాసార్లు ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. "శ్రీ" అని కొడితే శ, దాని పక్కన పొల్లు, దాని పక్కన ర, ఎవరిదారి వారిదే. దీనికి మందు ఇది:

ఇంక్‌స్కేప్‌లో టైపు చేయండి, అందులో అక్షరాలు సరిగ్గా కలుస్తాయి. తర్వాత పాత్ మెనూలో 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కండి. ఇప్పుడది అక్షరం కాదు, గీత. ఇక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని విడదీయలేదు. అన్‌గ్రూప్ చేసి, అన్నీ ఎంచుకుని 'యూనియన్' నొక్కండి. ఈ యూనియన్ మర్చిపోయేవాళ్లే ఎక్కువ. తెలుగు ఫాంట్లలో అక్షరం, దాని గుడి లేదా కొమ్ము ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తెర మీద నల్లగా కలిసిపోయి కనబడతాయి, మెషీన్‌కి మాత్రం రెండు వేరు వేరు గీతలు. కలిసే చోట చెక్కకుండా చిన్న తునక వదిలేస్తుంది. మా మామయ్యగారి పేరులో 'మూ' మీద అలాంటి తునక ఇప్పటికీ ఉంది. ఆయన దాన్ని డిజైన్ అనుకుంటున్నారు.

ఎలా చూసుకోవాలి: వ్యూ మెనూలో 'అవుట్‌లైన్' పెట్టండి. ఎక్కడా గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు.

ఫాంటు విషయంలో నా మాట వింటే లావుపాటిదే తీసుకోండి. రామభద్ర బాగా చెక్కుడవుతుంది, ఉచితంగా దొరుకుతుంది. సన్న గీతల ఫాంట్లు కాగితం మీద ముద్దొస్తాయి, చెక్క మీద రేగి పోతాయి. ఒత్తుతో కలిపి అక్షరం ఎత్తు 25 మి.మీ. కంటే తగ్గించకండి. అసలు సైజులో ప్రింటు తీసి పలక మీద అంటించి, నాలుగడుగుల దూరం నుంచి చూడండి.

లోతు లెక్క ఒకటి గుర్తుంచుకోండి. వీ-బిట్‌తో గీత ఎంత లావైతే అంత లోతుకి దిగుతుంది. 6 మి.మీ. లావు గీతకి 60 డిగ్రీల బిట్ 5.2 మి.మీ. దిగుతుంది, 90 డిగ్రీలదైతే 3 మి.మీ. మీ పలక మందం 6 మి.మీ. అయితే ఏమవుతుందో ఊహించుకోండి.

4. చోటు

బాల్కనీ అనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. ఆర్కే బీచ్ వైపు ఇళ్లలో గ్రిల్స్‌కి ఎన్నిసార్లు రంగు వేసినా తుప్పు ఎలా బయటికొస్తుందో చూసే ఉంటారు. ఆ గాలికి రాడ్లు, స్క్రూలు, బేరింగులు నెలల్లో గరగరలాడతాయి. మధురవాడ, పెందుర్తి వైపు కొంత నయం, కానీ వానాకాలం తేమ అందరికీ ఒకటే.

మేడ మీద గది, కింద మూసిన షెడ్డు మంచివి. ఫ్లాట్‌లోనే పెట్టాలంటే చుట్టూ ప్లైవుడ్ పెట్టె కట్టి, లోపల ఫోమ్ అంటించి, ముందు పారదర్శకంగా ఉండే యాక్రిలిక్ తలుపు పెట్టండి. చప్పుడు సగం తగ్గినట్టే ఉంటుంది. అయినా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య నడపకండి. పక్క ఫ్లాట్ పెద్దాయనకి మెషీన్ గొప్పతనం వివరించే అవసరం రాదు.

పొట్టు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. ఎండీఎఫ్‌లో ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది. ఇంట్లో ఊడ్చే వ్యాక్యూమ్ నేరుగా తగిలిస్తే పావుగంటలో ఫిల్టర్ మూసుకుపోతుంది. మధ్యలో సైక్లోన్ గరాటు (గాలిని సుడి తిప్పి పొట్టుని కిందకి రాల్చేది) బిగించిన పెయింట్ బకెట్ పెట్టండి. పొట్టులో ఎక్కువ భాగం బకెట్‌లోనే పడుతుంది, ఫిల్టర్ బతుకుతుంది. అయినా మాస్కు తీయొద్దు, కంటికి కనిపించనిదే ముక్కులోకి పోయేది.

5. ఇప్పుడు మెషీన్ ఎంచుకోండి

సైజు తర్వాత చూడాల్సింది బిగువు. స్పిండిల్‌ని (బిట్‌ని తిప్పే మోటారు) పట్టుకునే అడ్డ దూలాన్ని చేత్తో నెట్టి చూడండి. ప్లాస్టిక్ పలకలు, సన్న రాడ్లు ఉన్నవి ఊగుతాయి. వాటితో ఎండీఎఫ్, మెత్తటి చెక్క నెమ్మదిగా చెక్కొచ్చు, టేకు దగ్గర నీరసపడతాయి. అల్యూమినియం పలకలు, రాడ్ల బదులు లీనియర్ రైల్స్ (గట్టి పట్టాలు) ఉంటే ధర పెరుగుతుంది, పనీ పెరుగుతుంది. బెల్టుతో నడిచేవి వేగంగా పోతాయి, కానీ బెల్టు సాగుతుంది, అప్పుడప్పుడు బిగించుకోవాలి. స్క్రూతో నడిచేవి నెమ్మదైనా అభిరుచి పనికి నమ్మకం. బాల్ స్క్రూ (నట్టు లోపల గుండ్లు దొర్లేది) ఇంకా మంచిది. అన్నీ దొరికితే సరే, దొరక్కపోతే పొడవు తగ్గించుకుని బిగువు కొనండి.

చిన్న మెషీన్లకి 775 అనే డీసీ మోటారు వస్తుంది. సరదాగా మొదలుపెట్టడానికి చాలు. గంటల తరబడి నడిపేవాళ్లు 500 వాట్ల స్పిండిల్ అయినా, కార్పెంటర్లు చెక్క అంచులు తీయడానికి వాడే ట్రిమ్మర్ బిగించే వీలున్న మెషీన్ అయినా చూడండి. ట్రిమ్మర్ మన ఊళ్లోనే దొరుకుతుంది, పాడైతే ఇక్కడే బాగు చేయిస్తారు. దాని చప్పుడు మాత్రం మిక్సీలో పసుపు కొమ్ములు వేసినట్టుంటుంది.

కాలెట్ (బిట్ కాడని పట్టుకునే బిగింపు) సైజు అడిగి తెలుసుకోండి. చిన్న బిట్ల కాడ 3.175 మి.మీ., అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ట్రిమ్మర్ కాలెట్ 6 మి.మీ. లేదా 6.35 మి.మీ. ఉంటుంది. ఈ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ 6 మి.మీ. బిట్‌ని 6.35 కాలెట్‌లో బిగిస్తే పట్టు నిలవదు. తిరిగే బిట్ జారి బయటికొస్తే ఏమవుతుందో రాయక్కర్లేదు.

అమ్మేవాళ్లని అడగాల్సినవి: లిమిట్ స్విచ్‌లు (చివరికి చేరానని మెషీన్‌కి చెప్పేవి), ఎమర్జెన్సీ స్టాప్ ఉన్నాయా? కంట్రోలర్‌లో జీఆర్‌బీఎల్ (మోటార్లని నడిపే ఉచిత ప్రోగ్రాం) నడుస్తుందా, లేక వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ మాత్రమేనా? (సొంతది మాత్రమే అంటే నేనైతే కొనను.) మోటారు, బోర్డు విడిగా దొరుకుతాయా? జీఎస్టీ, రవాణా ధరలో కలిసే ఉన్నాయా? విరిగి వస్తే తిరిగి పంపే ఖర్చు ఎవరిది?

చివరి ప్రశ్న నా అనుభవం నుంచి వచ్చింది. నాకొచ్చిన మొదటి మెషీన్‌లో పక్క పలక ఒకటి వంగి ఉంది. అమ్మినవాళ్లు పేపర్లో రాసివ్వలేదు కాబట్టి పంపే ఖర్చు నాదే అన్నారు. పేరెందుకులెండి. అప్పటి నుంచి పెట్టె విప్పేటప్పుడు మొదటి టేపు కోసే దగ్గర్నుంచీ ఫోన్లో వీడియో తీస్తాను.

సెకండ్ హ్యాండ్ దొరికితే వదలకండి. మోజు తీరి అమ్మేసేవాళ్లు ఉంటారు. కరెంటు ఆపి మూడు దిక్కులూ చేత్తో తిప్పి చూడండి. ఒకచోట బిగుసుకుని, ఒకచోట వదులైతే స్క్రూ వంగినట్టు.

6. కరెంటు

2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. మెషీన్‌కి అలాంటి పెద్ద కోత సమస్య కాదు, రెండు సెకన్ల కోతే సమస్య. కరెంటు పోయి రాగానే తను ఎక్కడుందో మెషీన్ మర్చిపోతుంది. మూడు గంటల పని అక్కడే పోతుంది. ఇంటి ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకండి, అది మారే ఆ క్షణంలోనే బోర్డు రీసెట్ కావచ్చు. చిన్న మెషీన్‌కి 600 వీఏ కంప్యూటర్ యూపీఎస్ పెడితే జాబ్‌ని మర్యాదగా ఆపుకునే టైము దొరుకుతుంది. ట్రిమ్మర్, పెద్ద స్పిండిల్ దాని మీద పెట్టకండి. కానీ అప్పుడు ఒక జాగ్రత్త: కరెంటు పోతే ట్రిమ్మర్ ఆగిపోతుంది, యూపీఎస్ మీదున్న మెషీన్ మాత్రం ఆగిన బిట్‌ని చెక్కలోకి నెడుతూనే ఉంటుంది. వెంటనే పాజ్ నొక్కాలి.

లిమిట్ స్విచ్‌లు ఉంటే ఇంకో దారి. ప్రతిసారీ ముందు హోమింగ్ చేసి (అంటే మెషీన్‌ని ఆ స్విచ్‌ల దాకా పంపి), తర్వాత చెక్క మూల దగ్గర సున్నా, అంటే కొలతలు మొదలయ్యే చోటు, పెట్టుకోండి. ఆ సున్నాని జీఆర్‌బీఎల్ దాచుకుంటుంది. కరెంటు వచ్చాక మళ్లీ హోమింగ్ చేస్తే అదే చోటు దొరుకుతుంది. మూడు పిన్నుల సాకెట్‌లో ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎర్తింగ్ లేని ఇంట్లో యూఎస్‌బీ ఊరికే తెగిపోతుంటుంది, మనం లాప్‌టాప్‌ని తిడుతుంటాం.

7. వచ్చిన రోజు చేసే పరీక్షలు

చెక్క ముట్టుకోకండి. బిట్ స్థానంలో స్కెచ్ పెన్ను కట్టి, కాగితం మీద గీయించండి.

కొలత: 100 మి.మీ. జరగమని చెప్పి, వెర్నియర్‌తో కొలవండి. 98.5 వస్తే, సెట్టింగ్‌లో ఆ దిక్కుకి ఉన్న అంకెని (ఒక మి.మీ.కి మోటారు ఎన్ని మెట్లు తిరగాలో చెప్పేది) 100తో గుణించి 98.5తో భాగించండి. 800 ఉంటే 812.2 అవుతుంది. ఎక్స్ (ఎడమ-కుడి), వై (ముందు-వెనక), జెడ్ (పైకి-కిందకి) మూడింటికీ చేయండి. చిన్న మెషీన్‌లో జెడ్ 100 కదలదు, దానికి తక్కువ దూరం చెప్పి లెక్కలో 100 బదులు ఆ అంకె వేయండి.

మూల: 100 మి.మీ. చదరం గీయించి రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 141.4 రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే దూలం ఏటవాలుగా ఉంది, బోల్టులు వదులు చేసి సరిచేయండి.

గుండ్రం: 40 మి.మీ. వృత్తం గీయించండి. పైన, కింద, పక్కల చిన్నగా చదునైతే స్క్రూ నట్లలో లూజు ఉంది. బిగించాలి, మరీ బిగించినా మోటారు మెట్లు తప్పుతుంది.

నిటారు: బల్ల మీద ఎండీఎఫ్ పరిచి, వెడల్పాటి బిట్‌తో పైపొర అర మి.మీ. తీయించండి. గోటితో అడ్డంగా గీరండి. మెట్లు మెట్లుగా తగిలితే స్పిండిల్ వాలి ఉంది, సన్న రేకు ముక్క పెట్టి నిలబెట్టండి. వానాకాలంలో ఎండీఎఫ్ ఉబ్బుతుంది కాబట్టి సెప్టెంబరు దాటాక ఈ పొర మళ్లీ తీయించాలి.

8. మొదటి నేమ్‌ప్లేట్

మొదటిది ఎండీఎఫ్ మీద, రెండోది వేప లేక మామిడి మీద, మూడోది టేకు మీద. ఈ వరస మార్చకండి. టేకులో ఇసుక గుణం ఉంటుంది, బిట్ పదును త్వరగా తినేస్తుంది. పోర్టు ఊరు కాబట్టి ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చవగ్గా దొరుకుతుంది. దాని మీద ముద్ర చూడండి: హెచ్‌టీ అని ఉంటే వేడి చేసిన చెక్క, పర్వాలేదు. ఎంబీ అని ఉంటే విషవాయువు పట్టించినది, ఇంటికి తేవద్దు. అయస్కాంతం అటూ ఇటూ తిప్పి మేకులు వెతకండి.

ఏ చెక్కయినా తేమ మీటర్‌తో చూసి, 12, 14 శాతం దాటితే గోడకి ఆనించి, మధ్యలో గాలాడేలా పుల్లలు పెట్టి వదిలేయండి.

బిగించడం ఇలా: బల్లకి మాస్కింగ్ టేపు, చెక్క వెనక మాస్కింగ్ టేపు, మధ్యలో ఫెవిక్విక్ గీతలు. ఒక నిమిషం అదమండి. క్లాంపులు లేవు కాబట్టి బిట్ దేనికీ గుద్దుకోదు. అయ్యాక బల్లపరుపు కత్తితో లేపితే వచ్చేస్తుంది.

బిట్ కిందకి దింపుతూ కింద కాగితం ముక్క కదపండి. కాగితం పట్టేసిన చోట జెడ్ సున్నా. ఆ తర్వాత ఆ సున్నాని పది మి.మీ. పైకి పెట్టి, ఫైలు మొత్తం ఒకసారి గాలిలో నడపండి. అంచులు దాటుతుందేమో, మధ్యలో దూకుతుందేమో అప్పుడే కనబడుతుంది. బాగుంటే సున్నా మళ్లీ చెక్క మీదకి తెచ్చి మొదలుపెట్టండి.

చిన్న మెషీన్ మీద 3.175 బిట్‌తో ఎండీఎఫ్‌కి ఒక్కో పొర 1 మి.మీ., నిమిషానికి 500 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. టేకుకి పొర సగం చేయండి. తర్వాత అంకెల్ని కాదు, పొట్టుని చూడండి. ముగ్గుపిండిలా మెత్తగా వస్తుంటే బిట్ కోయడం లేదు, రాస్తోంది. బిట్ ముందుకి జరిగే వేగం పెంచండి, లేదా బిట్ మార్చండి. బొంబాయి రవ్వలా పలుకుగా రాలితే సరిగ్గా ఉంది. కమురు వాసన వస్తే ఆపేయండి. మొండి బిట్ రాపిడికి పొట్టులో నిప్పు రాజుకునే అవకాశం ఉంది, వదిలేసి టీకి వెళ్లకండి.

తిరిగే మెషీన్ దగ్గర చేతికి గ్లోవ్స్ వద్దు. చాలామంది భద్రత అనుకుని వేసుకుంటారు, అవే చేతిని లాక్కెళ్తాయి. లుంగీ, చున్నీ, వేలాడే చొక్కా చేతులు కూడా అంతే. జుట్టు ముడేసుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

బిట్ మార్చి జెడ్ సున్నా మళ్లీ పెట్టకపోవడం. అన్నిటికంటే ఎక్కువ బిట్లు విరిగేది ఇందుకే. కొత్త బిట్ పొడుగు వేరు.

డిజైన్‌లో సున్నా మధ్యలో ఉంటుంది, మెషీన్ మీద మూలలో పెడతాం. సగం అక్షరాలు గాలిలో చెక్కుతుంది.

ఫైలు అంగుళాల్లో, మెషీన్ మిల్లీమీటర్లలో. కోడ్ (ఫైల్లో మెషీన్‌కి రాసి ఉండే ఆదేశాలు) మొదట్లో జీ20 ఉంటే అంగుళాలు, జీ21 ఉంటే మిల్లీమీటర్లు.

లాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లడం. పవర్ సెట్టింగ్‌లో ఆపేయండి, అప్‌డేట్లు కూడా.

లోపలి మూలలు పదునుగా రావాలని కోరుకోవడం. 3.175 బిట్ మూలలో ఒకటిన్నర మి.మీ. గుండ్రం వదులుతుంది. పెట్టె మూతల్లో ముక్కలు ఇమడాలంటే ఉలితో చేత్తో తీసుకోవాలి.

ప్లైవుడ్ మీద అక్షరాలు చెక్కి, అంచులు పీచు లేచాయని మెషీన్‌ని తిట్టడం. అది పొరల చెక్క, పై పొర లేస్తుంది. కిందకి నొక్కే డౌన్‌కట్ బిట్ వాడండి, లేదా పైన మాస్కింగ్ టేపు అంటించి చెక్కండి.

పని అయ్యాక బ్రష్‌తో పొట్టు దులిపి, రాడ్లు, స్క్రూలు పొడి గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ ఆయిల్ రెండు చుక్కలు వేసి మూడు దిక్కులూ ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి నడపండి. ఆయిల్ మీద పొట్టు ఉంటే పేస్టులా గట్టిపడుతుంది, అందుకే దులపడం ముందు. పైన పాత దుప్పటి కప్పండి, ప్లాస్టిక్ కవర్ వద్దు, లోపల చెమ్మ పడుతుంది. బిట్లని సిలికా జెల్ పొట్లాలతో కలిపి బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత వేయండి.